సెలవుకొచ్చిన మిషనరీ, బియ్యం బస్తా, మా ముత్తాత

ఫర్లో అన్న మాట వింటే మన ఐటీ వాళ్ళకి 2020 గుర్తొస్తుంది. ఉద్యోగం ఉందో ఊడిందో తెలీకుండా, జీతం లేని సెలవు మీద ఇంట్లో కూర్చోబెట్టడం. జైళ్ళ శాఖలో అదే మాట ఖైదీకిచ్చే సెలవు. నేను చెప్పబోయేది ఈ రెండూ కాదు. పరాయి దేశంలో పనిచేసే మిషనరీ కొన్నేళ్ళకోసారి సొంత దేశానికొచ్చి, కొన్ని నెలలుండి మళ్ళీ వెళ్ళిపోతాడు చూశారూ, దాన్నీ ఫర్లో అనే అంటారు. ఇప్పుడు ఆ మాట బాగోలేదని హోమ్ అసైన్‌మెంట్ అంటున్నారు. పేరు మారింది గానీ పని అదే. చర్చి చర్చికీ తిరగడం, అక్కడ మేం చేస్తున్నది ఇదీ అని చెప్పడం, రాబోయే కొన్నేళ్ళకి సరిపడా డబ్బుకి మాట తీసుకోవడం, విమానం ఎక్కడం.

వాళ్ళ సెలవు మీద నీకెందుకంత కోపం అంటారా? చెప్తాను. కాస్త పెద్ద కథే, ఓపిక పట్టండి.

నేను ఆన్‌సైట్ మీద అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాను. క్లయింటు వైపు మా మేనేజరు అరవై దాటిన పెద్దమనిషి, చాలా మంచాయన. పోయిన చలికాలం ఒక ఆదివారం వాళ్ళ చర్చికి రమ్మన్నాడు. ప్రార్థన అయ్యాక అందరూ తలా ఒక వంటా తెచ్చుకుని కలిసి భోంచేస్తారట. వెళ్ళాను. ఆ రోజు ప్రత్యేకం ఏంటంటే, ఆఫ్రికాలో పనిచేసే ఒక మిషనరీ జంట ఫర్లో మీద వచ్చి మాట్లాడుతున్నారు.

ప్రొజెక్టరు పెట్టారు. స్లైడ్లు మొదలయ్యాయి. మనం క్లయింటుకి చూపించే డెక్ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ముందు సమస్య, తర్వాత మేము, తర్వాత ఫలితం, చివర్లో ఇంకెంత కావాలి. చిరిగిన చొక్కాల పిల్లలు, తర్వాతి స్లైడులో యూనిఫారాల పిల్లలు. ఒక స్లైడులో ఒక ముసలాయన. గుడిసె ముందు, కాళ్ళకి చెప్పుల్లేకుండా, కెమెరా వైపు కాకుండా ఎటో చూస్తూ. ఇలాంటి వాళ్ళు వేలమంది మన కోసం ఎదురుచూస్తున్నారు అని చెప్పి తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయాడు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. చెయ్యెత్తాను. "ఆ పెద్దాయన పేరేంటి?"

ఆయన ఒక్క క్షణం ఆగాడు. పక్క ఊరాయన, పేరు తెలీదు అన్నాడు. అబద్ధం చెప్పి ఏదో ఒక పేరు పడేసి ఉండొచ్చు, చెప్పలేదు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. బుట్ట తిరిగింది. నేనూ ఇరవై డాలర్లు వేశాను. ఏం చేయను, పక్కన మేనేజరు కూర్చున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ముసలాయన నాకు తెలుసు. ఆయన మా ముత్తాత.

మా ఇంటి సంగతి చెప్పాలి. మాది ఒంగోలు దగ్గర పల్లె. మాదిగలం, పుట్టుకతో బాప్టిస్టులం. నా పేరు చూస్తే ఎవరికీ తెలీదు, సర్టిఫికెట్లలో ఎందుకలా ఉందో మీకు విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. నాకు చర్చి అలవాటు ఇంటర్‌తోనే దాదాపు పోయింది, అది వేరే కథ. మా నాయనమ్మ ముత్తాత మోట బావులకి తోలు బానలు కుట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో ఆయనొకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం లేదు, ఫోటో లేదు. నాయనమ్మ నోట విన్నదే.

ఆ రోజు గురించి అమెరికాలో ఎవరినైనా అడగండి, అంటే మిషన్ల చరిత్ర తెలిసినవాళ్ళని. జాన్ క్లౌ దొర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చాడు అంటారు. నిజానికి నీళ్ళలోకి దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు. ఆ ఆరుగురు వాక్యంలో కర్తలు. చెప్పుకునే కథలో కర్త మారిపోయాడు. ఎలా మారాడు? సెలవు మీద వచ్చినవాడు చెప్పే కథకి ఒక్కడే హీరో ఉండాలి కాబట్టి. డబ్బిచ్చేవాడికి తన మనిషి కావాలి. ఎర్రగుంట్ల పేరయ్య పేరు చెప్తే అక్కడ ఎవరికి నోరు తిరుగుతుంది?

పేరయ్య గురించి మన పుస్తకాల్లోనూ లేదు కాబట్టి రెండు ముక్కలు. 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ. అంతకు ముందే రాజయోగం నేర్చుకుని, గురువు దగ్గర ఉపదేశం పొందినవాడు. ఆలోచించి, వెతుక్కుంటూ వచ్చినవాడన్నమాట. ఊరూరా నడిచి చెప్పింది ఆయనా, ఆయనలాంటి వాళ్ళూ. చేరినవాళ్ళు మూడు సంగతులకి కట్టుబడాలి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. చదవడానికి మూడు ముక్కలే. కానీ ఊరి చాకిరీలో ఉన్న మాదిగ ఆదివారం పనికి రాను అంటే, జాతరలో డప్పు కొట్టను అంటే, ఊరి పెద్దలు ఊరుకుంటారా? ఊరుకోలేదు. పని ఆపేశారు, నీళ్ళు ఆపేశారు. అయినా మాట మీద నిలబడ్డారు.

ఇప్పుడు రెండో కథకి వద్దాం. ఇది అమెరికా చర్చిలో కాదు, మన వాట్సాప్ గ్రూపుల్లో నడిచే కథ. మా అపార్టుమెంటులో నలుగురు తెలుగువాళ్ళం. మంచివాళ్ళే, బిర్యానీ వండుకుంటే నాకు తీసి ఉంచుతారు. ఏదో వీడియో చూస్తూ ఒకడు "బియ్యం బస్తా బ్యాచ్ అన్నా, బస్తా ఇస్తే దేవుణ్ణి మార్చేస్తారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది, అందుకే ఇది రాస్తున్నా.

మిత్రులారా, 1876 నుంచి 78 దాకా మన జిల్లాల్లో ఘోరమైన కరువు. క్లౌ కుర్రతనంలో అమెరికాలో ప్రభుత్వ సర్వే బృందాలతో తిరిగి ఆ పని నేర్చుకున్నాడు, అంటే ఒక రకంగా మనలాంటి ఇంజనీరే. ఆ ధైర్యంతోనే బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మా వాళ్ళు అక్కడ మట్టి మోసి కూలి తీసుకుని బతికారు. దానం కాదు, కూలి. ఆ కాలమంతా, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఎందుకంటే కూటి కోసం వస్తున్నారేమో అని ఆయనకే అనుమానం. 1878 జూన్‌లో జనం వచ్చి మీద పడితే, ఇక నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు, ఇళ్ళకి పొండి అన్నాడు. మాకు డబ్బు వద్దు, మమ్మల్ని చేర్చుకో అన్నారు వాళ్ళు. అప్పుడు కదిలాడు. ఆరు వారాల్లో దాదాపు 9,000 మంది. బియ్యం బస్తా లెక్క ఎక్కడ సరిపోయింది? బస్తా ఉన్నంతకాలం తలుపు మూసి ఉంది, బస్తా అయిపోయాక తెరుచుకుంది.

నా గొడవల్లా ఇదీ. ఫర్లో కథ, బస్తా కథ ఒకదానికొకటి పగవాళ్ళలా కనిపిస్తాయి. కాదు, రెండూ ఒకే కథ. మొదటి దాంట్లో మా ముత్తాత ఏమీ తెలీని అమాయకుడు, దొర వచ్చి ఉద్ధరించాడు. రెండో దాంట్లో ఏమీ తెలీని అమాయకుడు, దొర వచ్చి కొనేశాడు. రెండింటిలోనూ ఆయనకి బుర్ర లేదు. చెప్పులు కుట్టే మనిషి కూర్చుని, నాలుగూళ్ళ పెద్దలతో మాట్లాడి, లాభం నష్టం బేరీజు వేసుకుని, ఈ ఊళ్ళో నాకు లేని మర్యాద అక్కడుంది, పోదాం పదండి అని నిర్ణయం తీసుకుని ఉండొచ్చన్న ఆలోచన ఇద్దరికీ రాదు. మొదటివాడికి ఆ ఆలోచన వస్తే చందా తగ్గుతుంది. రెండోవాడికి వస్తే తను కూర్చున్న పీట కదులుతుంది.

పైగా రెండోవాడు వాడే సరుకంతా మొదటివాడి గోదాములోదే. దిక్కులేని జనం, ఆకలి జనం, మీ డబ్బుంటే అందరూ వచ్చేస్తారు అని ఏళ్ళ తరబడి చర్చి చర్చిలో చెప్పి, పత్రికల్లో అచ్చేసి పెట్టారు. చూశారా, వాళ్ళే ఒప్పుకున్నారు అని వీళ్ళు ఎత్తి చూపిస్తున్నారు. అక్కడ అడిగిన చందాకి ఇక్కడ మేం వడ్డీ కడుతున్నాం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఫర్లో అనేది దొంగ బుద్ధితో పుట్టలేదు. చావుల్లోంచి పుట్టింది. విలియం కేరీ 1793లో వచ్చి 1834లో చనిపోయేదాకా ఒక్కసారి కూడా ఇంగ్లండు తిరిగి వెళ్ళలేదు. బర్మాలో పనిచేసిన జడ్సన్ 1812లో అమెరికా వదిలి 1845లో మొదటిసారి వెళ్ళాడు, 33 ఏళ్ళకి. అదీ భార్యకి జబ్బు చేసి. ఆమె దారిలోనే సెయింట్ హెలీనా దీవిలో పోయింది. ఆయనకీ గొంతు పోయింది, గుసగుసగా చెప్తే పక్కన ఒకరు నిలబడి బిగ్గరగా తిరిగి చెప్పేవారు. ఒక సభలో ఆయన దేవుడి గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే జనం నిరాశపడ్డారట. అంత దూరం నుంచి వచ్చినవాడు పులుల కథలో, జైలు కథలో చెప్తాడనుకుంటే ఇదేంటని. నాకు తెలిసిన వాటిలో గొప్ప కథ అదే, అదే చెప్పాను అన్నాడట ఆయన. అంటే తప్పు చెప్పేవాడిదే కాదు. వినేవాడికి పులులు కావాలి.

మన నెల్లూరు మిషను సంగతి అయితే ఫర్లో లేకపోతే మూతపడి ఉండేదే. కొన్నేళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఎవరూ చేరలేదు, ప్రాజెక్టు ఎత్తేద్దాం అని పైవాళ్ళు ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. 1862లో జూయెట్ అనే ఆయన ఆరోగ్యం చెడి ఇంటికెళ్ళి, మీరు పంపినా పంపకపోయినా నేను తెలుగువాళ్ళ దగ్గరికే వెళ్తాను, అక్కడే చస్తాను అన్నాడట. అయితే పాతిపెట్టడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి కదా అన్నారట పైవాళ్ళు. అలా 1865లో ఆయనతో వచ్చినవాడే క్లౌ. ఆ క్లౌ మళ్ళీ 1872లో వెళ్ళి, రామాయపట్నం దైవశాస్త్ర పాఠశాల నిధికని 50,000 డాలర్లు పోగుచేసి 1874లో తిరిగొచ్చాడు. 2022లో పోర్టుకి శంకుస్థాపన జరిగిన రామాయపట్నమే అది. ఆ రోజుల్లో 50,000 డాలర్లంటే మాటలా? సెలవుకెళ్ళిన మనిషికి సెలవెక్కడ మిగిలి ఉంటుంది?

ఆ రోజు నేను చూసిన జంట కూడా అంతే. ఆయన కళ్ళ కింద నల్లటి చారలు. వాళ్ళ పాప, పన్నెండేళ్ళుంటాయేమో, వెనక బెంచీలో ఫోను చూసుకుంటోంది. ఇక్కడ బాగుందా అని అడిగితే, ఆగస్టులో ఇంటికెళ్ళిపోతున్నాం అంది. ఇల్లంటే అక్కడ. అమెరికా తన దేశమని వాళ్ళ నాన్న స్టేజీ మీద చెప్తున్నాడు, పాపకి మాత్రం అది చుట్టాలిల్లు. ఇలాంటి పిల్లలకి థర్డ్ కల్చర్ కిడ్స్ అని పేరు పెట్టింది యుసీమ్ దంపతులు, 1950ల్లో మన దేశంలో ఉంటున్న అమెరికన్లని చూసే. వేసవికి హైదరాబాదొచ్చి మూడో రోజే వైఫై బాలేదని ఏడ్చే మన పిల్లలు గుర్తొచ్చి నవ్వొచ్చింది, జాలీ వేసింది.

కాబట్టి ఆ మనుషుల మీద కోపం లేదు. కోపం ఆ ఏర్పాటు మీద. విశ్రాంతి, రిపోర్టు, వసూలు, ఈ మూడింటినీ ఒకే సెలవులో కుక్కితే రిపోర్టు చెడుతుంది. మనకి తెలీదా? రెన్యువల్ మీటింగులో ఇచ్చే స్టేటస్ రిపోర్టులో నిజం ఎంతుంటుందో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. చీకటి ఎంత చిక్కగా చూపిస్తే బడ్జెట్టు అంత వస్తుంది. పోనీ వసూలు చేయకుండా నడవదా అంటే, హడ్సన్ టేలర్ 1865లో పెట్టిన చైనా ఇన్‌లాండ్ మిషన్‌లో డబ్బు అడగకూడదు, సభల్లో చందా పట్టకూడదు అని నియమమే ఉండేది. అలాగే నడిచింది.

ఇంకో సంగతి, ఇది ఏ ఫర్లో ఉపన్యాసంలోనూ నేను వినలేదు. గుండ్లకమ్మ తర్వాత సరిగ్గా పాతికేళ్ళకి, 1903లో, ఇదే తెలుగు బాప్టిస్టులు సొంతంగా పెట్టుకున్న సంఘం తరఫున నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే ఆయన్ని దక్షిణాఫ్రికా నేటాల్‌కి మిషనరీగా పంపారు. అక్కడి తేయాకు తోటల్లో, చెరకు తోటల్లో కూలికెళ్ళిన మన తెలుగువాళ్ళ కోసం. ఆకలితో చేయి చాపారన్న జనం, ఒక తరం తిరిగేసరికి సముద్రం అవతలికి మనిషిని పంపే స్థితికొచ్చారు. దీన్ని ఏ స్లైడులో పెడతారు? పెట్టరు. ఇచ్చే చేతులు మావి కూడా అని చెప్తే బుట్టలో ఏం పడుతుంది?

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1,200 మంది దాకా ప్రతినిధులు, ఆసియా వాళ్ళు ఇరవైకి అటూ ఇటూ. అందులో అజరయ్య లేచి నిలబడ్డాడు. తిరునెల్వేలి తమిళుడు, మన డోర్నకల్‌లో పనిచేస్తున్నవాడు, 1912లో అక్కడే బిషప్పు అయ్యాడు. మీ త్యాగాలు మా తరాలు మర్చిపోవు గానీ, మాకు కావాల్సింది స్నేహితులు అని అర్థం వచ్చేలా చెప్పాడు. హాల్లో చాలామందికి నచ్చలేదు. నాకు తెలిసి సొంత దేశానికొచ్చిన మిషనరీలు కూర్చుని వింటూ ఉంటే, వాళ్ళు ఎవరి గురించి మాట్లాడతారో ఆ మనిషి మైకు పట్టుకున్న సందర్భాలు చాలా తక్కువ. స్నేహితుడి ఫోటో చూపిస్తూ పేరు తెలీదని ఎవరైనా అంటారా?

నేనడిగేది పెద్దదేం కాదు. ఇక్కడ చెప్పే ఉపన్యాసాన్ని వాళ్ళ భాషలో వాళ్ళ ఊళ్ళో కూడా చదివి వినిపించగలవా? గలిగితే చెప్పు, లేకపోతే ఆ స్లైడు తీసెయ్. విమానం టికెట్టుకి డబ్బుంది కదా, ఇంకో టికెట్టు కొని అక్కడి పాస్టరుని కూడా తీసుకురా. ఇరవై నిమిషాలు ఆయన్ని మాట్లాడనీ, నువ్వు పక్కన నిలబడి అనువాదం చెయ్.

ఇది చదివి "బాగా పెట్టావ్ మిషనరీలకి" అని చప్పట్లు కొట్టే మిత్రులు కాస్త ఆగండి. మూడు వారాల సెలవు మీద ఊరికెళ్ళి, బడిలో నలుగురు పిల్లలకి నోటు పుస్తకాలిస్తూ, వెనక ఫ్లెక్సీ, పక్కన సర్పంచి, ఫోటో దిగి, ఆ ఫోటో డల్లాస్‌లో బాంక్వెట్ హాలు తెర మీద వేసి చందాలు పట్టేది ఎవరు? ఆ పిల్లల పేర్లు ఏ స్లైడులో ఉన్నాయి? వాళ్ళలో ఎంతమంది మా పల్లె పిల్లలో, మీకు తెలుసా?

మా మేనేజరుకి ఇదంతా చెప్పాను. తెలుగులో కోపంగా ఉంటుంది గానీ ఇంగ్లీషులో మర్యాదగానే చెప్పాను. పాపం, శ్రద్ధగా విన్నాడు. జూలై మొదటి ఆదివారం మీ చర్చిలో నాకు పది నిమిషాలు ఇప్పించండి, గుండ్లకమ్మ గురించి చెప్తాను, బుట్ట తిప్పక్కర్లేదు అన్నాను. కమిటీని అడిగి చెప్తానన్నాడు. అడిగాడో లేదో తెలీదు, ఇంకా ఏ కబురూ లేదు. ఈలోగా నాయనమ్మకి ఫోన్ చేశాను, ఆయన పేరు సరిగ్గా రాసుకుందామని. మాలక్ష్మయ్యో మాలకొండయ్యో, రెండింటిలో ఒకటంట. వెల్లంపల్లి వైపు ఆమె చెల్లెలుంది, కనుక్కుని చెప్తానంది.